వేటతుపాకి యెన్నిక: మౌజరు బోల్టు రైఫిలు

పులివేటకో యేనుగువేటకో పోవువానికి తుపాకి నెన్నుకొనుటలో మొదట గలుగు సందేహ మొక్కటియే: పెద్దగుండు గల బరువైన తుపాకిని గొనవలెనా, చిన్నగుండు గల తేలికదానిని గొనవలెనా? ఇరువదవ శతాబ్దారంభమున ఆంగ్ల వేటకాండ్ర నడుమ నీ వివాదము ప్రబలుటకు ముఖ్యకారణము బోల్టు రైఫిలు.

తలుపుగడియ నడపినట్లు పిడిని పైకెత్తి, వెనుకకు లాగి, మరల ముందునకు ద్రోసి దించినచో తూటా గొట్టములో బిగియును. ఈ యేర్పాటే బోల్టు. 1841లో ప్రష్యా ప్రభుత్వము డ్రైసే నిర్మించిన సూదితుపాకిని సైన్యమునకు గ్రహించుటతో నీ పద్ధతి ప్రసిద్ధి కెక్కెను. దానికి బరిపూర్ణత గలిగించినవాడు జర్మనీలోని ఓబెర్న్‌డార్ఫు పట్టణమున కర్మాగారము నడపిన పాల్ మౌజరు.

1898లో జర్మను సైన్యము గైకొన్న మౌజరు తుపాకి బోల్టునకు ముందు రెండును, వెనుక నొకటియు బిగింపుకొమ్ములు గలవు. ముందటివి చెడినను వెనుకటిది బోల్టు నిలుపును. తూటా పెట్టెనుండి వెడలుచుండగనే యొక యుక్కుకొక్కి దాని యడుగంచును బట్టుకొనును. కావున తొందరపాటున బోల్టును సగము ద్రోసి మరల లాగినను, ఒక తూటాపై నింకొకటి చిక్కుకొనదు. మీదికి వచ్చు మృగమున కెదుట నిలిచినవానికి నీ గుణము ప్రాణాధారము.

లండనునందలి రిగ్బీ సంస్థ యీ యంత్రముతో వేటతుపాకులను నిర్మించి, యేడు మిల్లీమీటర్ల మౌజరు తూటాకు అంగుళముల కొలతను బట్టి .275 రిగ్బీ యని పేరిడెను. ఆ తుపాకి బరువు ఏడెనిమిది పౌనులు మాత్రమే.

భారతదేశమున రాజశాసనము గూడ నెన్నికలో జోక్యము కల్పించుకొనెను. సైన్యపు తూటాలు తిరుగుబాటుదారుల చేత బడునను భయమున 1907లో ఆంగ్లప్రభుత్వము .450 కొలత తుపాకుల దిగుమతిని నిషేధించెను. అందువలన తుపాకి నిర్మాతలు .465, .470 మున్నగు కొలతలను బ్రచారమునకు దెచ్చిరి. అవి మృగమును జూచి పుట్టినవి గావు, శాసనమును జూచి పుట్టినవి.

తేలిక తుపాకి పక్షమున నిలిచినవారిలో స్కాట్లండు దేశీయుడు బెల్ ప్రసిద్ధుడు. అతడు ఆఫ్రికాలో వేయికి మించిన యేనుగులను జంపెను. వానిలో నధికభాగము ఏడు మిల్లీమీటర్ల తూటాకు గూలినవే. అతడు ఏనుగుతలను గోసి మెదడున్న తావును బరిశీలించి యెఱిగినవాడు. సన్నని పొడవైన గుండు ఎముకను దూసికొని తిన్నగా బోవునని గ్రహించినవాడు. అట్టి జ్ఞానము లేనివారికి నతని మార్గ మపాయకరము. ఆఫ్రికాదేశములు పెక్కు తరువాత క్రూరమృగముల వేటకు .375 కొలతకు దక్కువ గాని తుపాకినే విధించుట యీ సత్యమునకు సాక్ష్యము.

మన దేశమున కుమావూను కొండలలో నరభక్షకములను వేటాడిన జిమ్ కార్బెట్ చరిత్రము రెండు పక్షములకును దగిన సమాధానము నిచ్చును. 1907లో చంపావత్ పులిని జంపినందులకు సంయుక్తరాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరు హ్యూవెట్ అతనికి .275 రిగ్బీ తుపాకిని బహూకరించెను. అయినను కార్బెట్ పెక్కు పులులపై సుమారు పది పౌనుల బరువు గల జంటగొట్టముల .450/400 తుపాకినే వాడెను. 1930 ఏప్రిల్ 11న చౌగఢ్ పులి యొక లోయలో బండచాటున, కొన్ని యడుగుల దూరమున నతనికి బొడసూపెను. ఎడమచేత పక్షిగ్రుడ్లుండుటచే తుపాకిని కుడిచేతితోనే మెల్లమెల్లగా ద్రిప్పి కాల్చి చంపెను. తేలిక తుపాకి యుండుట తన్ను గాపాడిన కారణములలో నొకటియని యతడే వ్రాసియున్నాడు. బరువైన తుపాకి నట్లు ఒంటిచేత ద్రిప్పుట దుష్కరము.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనముతో భారతదేశమున పులివేట యంతరించెను. అయినను ఈ చరిత్రము తెలుపు నీతి నిలిచియున్నది. గుండు పెద్దదైనంతమాత్రమున తుపాకి శ్రేష్ఠము గాదు. తేలికయైనంతమాత్రమున సురక్షితమును గాదు. మృగమును, దూరమును, తన చేతి నేర్పును దెలిసి యెన్నుకొన్నవాడే బ్రదికి యిల్లు చేరెను.