నడుము కొలత పుట్టుపూర్వోత్తరాలు

2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో అచ్చయింది. ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడ్డారు. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్నిక్, ఇంకొకరు లండన్ డాక్టర్ జాన్ యూడ్కిన్. ఎత్తునూ బరువునూ కలిపి లెక్కగట్టే బీఎంఐ ఇద్దరికీ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యూడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2! ఆ అంకెలు చూసిన దగ్గర్నుంచి ఈ కొలతలన్నీ ఎక్కడ పుట్టాయో తెలుసుకోవాలని పట్టుదల పుట్టింది.

బీఎంఐ డాక్టర్లు కనిపెట్టింది కాదు. బెల్జియం ఖగోళ శాస్త్రజ్ఞుడు అడోల్ఫ్ కెట్‌లే 1832లో బరువును ఎత్తు వర్గంతో భాగించాడు. సగటు మనిషి ఎలా ఉంటాడో తేల్చాలన్నదే ఆయన తపన, జబ్బుల ఊసే లేదు. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు. ఈలోగా 1947లోనే మార్సెయ్ డాక్టర్ జాన్ వాగ్ కీలకం పట్టుకున్నాడు. తొడల్లో కొవ్వు చేరినవాళ్ళకంటే ఒంటి పైభాగంలో చేరినవాళ్ళనే చక్కెర జబ్బు ఎక్కువగా పట్టుకుంటోందన్నాడు. అయినా 1984లో స్వీడన్ పరిశోధకులు 1913లో పుట్టిన 792 మంది మగవాళ్ళ నడుము, పిరుదుల కొలతలతో గుండెజబ్బును ముడిపెట్టి చూపేదాకా లోకం టేపును పెద్దగా ఖాతరు చేయలేదు. మన అమ్మమ్మలు మాత్రం మొలతాడు బిగిసిందా వదులైందా చూసి పిల్లాడు ఒళ్ళు చేశాడో చిక్కాడో చెప్పేసేవాళ్ళు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం మన గడ్డమీద నడిచింది. 1987–90 మధ్య హైదరాబాద్ దగ్గర 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన చేసింది. 15 ఊళ్ళలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనెతో వండిన మామూలు ఉప్మా. మిగతా 14 ఊళ్ళకు ఆ పథకం అప్పటికి రాలేదు. 2003–05లో, పిల్లలు 13–18 ఏళ్ళవాళ్ళయ్యాక, మళ్ళీ వెతికి పట్టుకుని కొలిచారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగు. ఒంట్లో కొవ్వు, కండ పాళ్ళు మాత్రం రెండు వైపులా దాదాపు ఒకటే. అయినా ఇన్సులిన్‌కు ఒళ్ళు మొరాయించడం ఉప్మా తిన్న ఊళ్ళలో 20 శాతం తక్కువ, రక్తనాళాల బిరుసూ తక్కువే. తల్లి కడుపుతో ఉన్నప్పుడు అందిన గిన్నెడు ఉప్మా పదిహేనేళ్ళ తర్వాత బిడ్డ నెత్తుట్లో కనబడింది! పుణెలో యాజ్నిక్ చూసిందీ దీనికి చుట్టమే. అక్కడి పల్లెల్లో పుట్టే బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్ బిడ్డలది 3.5. మన బిడ్డలకు కండ తగ్గినంతగా చర్మం కింద కొవ్వు తగ్గలేదు.

ఈ తిండి కథను వెతుక్కుంటూ ఇక భద్రాచలం అడవికి వద్దాం. ఇక్కడి తిండి గురించి పాత రాతలు తక్కువ. 1945లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ అచ్చువేసిన పుస్తకంలో కొండరెడ్ల పోడు, జీలుగు చెట్టు కనబడతాయి. ఆ తర్వాత నేను ఆగేది 1983 దగ్గర, కిలో రెండు రూపాయల బియ్యం దగ్గర. ఆకలి తీర్చిన ఆ బియ్యాన్ని నేను తప్పుపట్టను. అయితే జొన్న గటక, సామలన్నం పళ్ళెంలోంచి తప్పుకోవడం మాత్రం పెద్ద నష్టమే. దాని గురించి ఎవరూ గట్టిగా బాధపడలేదన్నదే నా దిగులు.

ఇప్పుడు చర్ల, దుమ్ముగూడెం వైపు గూడేలకు రెండు టేపులు వెళ్తాయి. అంగన్‌వాడీ టేపు చంటిపిల్లల జబ్బకు. 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎర్ర గుర్తు. ఆశా కార్యకర్త టేపు ముప్పై దాటినవాళ్ళ నడుముకు. “అవ్వా, ఊపిరి ఇడువు, పొట్ట లోపలికి గుంజకు” అంటూ, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన టేపు చుట్టి, ఆ అంకెను ఫారంలో రాస్తుంది. ఆడవాళ్ళకు 80 దాటితే ఒక మార్కు, 90 దాటితే రెండు. వయసు, పొగాకు, మద్యం, కుటుంబంలో చక్కెర జబ్బు వంటివన్నీ కలిపి నాలుగు దాటితే పరీక్షకు ముందు వరస. చిక్కిన జబ్బకూ పెరిగిన నడుముకూ ఒకే మూలం ఉండొచ్చని ఉప్మా ఊళ్ళ లెక్క చూశాక అనిపిస్తుంది. రెండు టేపుల అంకెలూ ఒకే కుటుంబం పేరున ఒకే పుస్తకంలో ఎక్కించాలి.

సన్నగా ఉన్నాం, మాకేం అని ఊరుకోకండి. నడుము మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే, తూకం ఏం చెప్పినా సరే, చక్కెర పరీక్ష చేయించుకోండి.