వెల్డింగ్ మెషీన్ కొంటున్నారా? రాడ్‌దా, మిగ్‌దా.. డబ్బులు పెట్టే ముందు ఇవి చూడండి

వెల్డింగ్ నేర్చుకుని గేట్లు, గ్రిల్స్ పని మొదలుపెట్టాలనుకునే కుర్రాళ్లకు షాపులో ఎదురయ్యే మొదటి ప్రశ్న.. రాడ్ మెషీనా? మిగ్ మెషీనా? రీల్స్‌లో మిగ్ టార్చ్‌తో గీత గీసినట్టు నున్నగా అతికించేస్తుంటే అదే కొనేయాలనిపిస్తుంది. తొందరపడితే డబ్బు వృథా అయ్యేది కూడా అక్కడే.

రాడ్ మెషీన్ అంటే వీధి చివర వెల్డింగ్ షాపులో కనిపించేదే. ఎర్త్ క్లాంప్ ఇనుముకు తగిలించి, హోల్డర్‌లోని రాడ్ కొసను తాకిస్తే ఆర్క్ పుడుతుంది. రాడ్ మీది పూత కాలి, కరిగిన ఇనుముకు గాలి తగలకుండా కాపాడుతుంది. చల్లారాక పైన గట్టిపడిన స్లాగ్‌ను సుత్తితో కొట్టి తీసేయాలి. మిగ్‌లో రాడ్ ఉండదు. ట్రిగ్గర్ నొక్కితే చుట్ట నుంచి సన్న వైరు దానంతట అదే వస్తుంది. గాలి తగలకుండా చూసేది సిలిండర్‌లోని కార్బన్ డయాక్సైడ్.

మరి ఏది తేలిక?

నేర్చుకోవడానికైతే మిగ్గే, అందులో సందేహం లేదు. రాడ్‌తో మొదటి వారం చిరాకే. మాటిమాటికీ అతుక్కుపోతుంది. పైగా రాడ్ కరిగి పొట్టిదవుతున్న కొద్దీ చేయి దించుతూ పోవాలి.

కానీ మిగ్‌లో ఓ మోసం ఉంది. వోల్టేజీ తక్కువ పెడితే అతుకు పైకి అందంగానే కనిపిస్తుంది, లోపల ఇనుము సరిగా కరగదు. కిటికీ గ్రిల్ అయితే ఊడొస్తుంది, అంతే. అదే ట్రాక్టర్ ట్రాలీ కొక్కేనికో, నీళ్ల ట్యాంక్ స్టాండ్‌కో ఇలాంటి అతుకు పడితే? మనుషుల ప్రాణాల మీదికొస్తుంది. అందుకే ఏ మెషీన్ కొన్నా ముందు తుక్కు ముక్కలు రెండు తీసుకుని 'టి' ఆకారంలో ఒకవైపే అతికించి, సుత్తితో వంచి చూడాలి. కింది ముక్క నున్నగా మిగిలి అతుకు పెచ్చులా లేచొస్తే పట్టు లేదన్నమాట. ఈ పరీక్ష పాసయ్యేదాకా బరువు మోసే పనులు ఒప్పుకోకూడదు.

పని ఎక్కడ, ఇనుము ఎంత మందం?

అసలు తేల్చాల్సింది ఇదే. కారు బాడీ లాంటి 1 మి.మీ. రేకు పని ఎక్కువైతే మిగ్ కొనొచ్చు. అంత పల్చటి రేకుకు కొత్తవాళ్లు రాడ్ పెడితే చిల్లులే. 3 మి.మీ. యాంగ్లర్, పట్టీలు, పాత గేట్ల రిపేర్లు అయితే రాడ్ మెషీనే బెస్ట్. కొద్దిపాటి తుప్పును ఇది తట్టుకుంటుంది, మిగ్‌కు మాత్రం ఇనుము శుభ్రంగా ఉండాలి. ఆరుబయట, మేడ మీద, పొలంలో గాలికి మిగ్ గ్యాస్ చెదిరిపోయి అతుకులో బుడగలు వస్తాయి. సిలిండర్ మోసుకెళ్లే బాధ సరేసరి.

గ్యాస్ అక్కర్లేని వైరు కూడా దొరుకుతుంది. ఫ్లక్స్ వైరు అంటారు. బయట పనికొస్తుంది గానీ పొగ, స్లాగ్ రెండూ ఉంటాయి. టార్చ్ కనెక్షన్‌ను నెగెటివ్‌కు మార్చుకోవాలి. ఇది మర్చిపోతే నిప్పురవ్వలు ఎగిరిపడి అతుకు పాడవుతుంది.

తక్కువ బడ్జెట్‌తో సైట్ పనులకు వెళ్లాలనుకునేవాళ్లకు సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ రాడ్ మెషీన్ సరిపోతుంది. కొనేటప్పుడు డబ్బా మీద పెద్దగా రాసిన 200 ఆంప్స్ ఒక్కటే చూడొద్దు. డ్యూటీ సైకిల్ కూడా అడగాలి. 60 శాతం అంటే ఆ కరెంటు దగ్గర 10 నిమిషాల్లో 6 నిమిషాలే వెల్డింగ్ చేయాలి, మిగతా 4 నిమిషాలు మెషీన్ చల్లారాలి.

ప్రాక్టీస్‌కు 6013 రకం, 2.5 మి.మీ. రాడ్ తీసుకుని 70 నుంచి 90 ఆంప్స్ మధ్య మొదలుపెట్టొచ్చు. షాపుల్లో దీన్నే 12 గేజ్ అంటుంటారు. వానాకాలంలో రాడ్ల ప్యాకెట్ తెరిచి వదిలేస్తే చెమ్మ పట్టి ఆర్క్ నిలవదు.

హెల్మెట్ లేకుండా 'ఒక్క టాకాయే కదా' అని ఆర్క్ చూస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతాయి. 10 లేదా 11 షేడ్ అద్దం వాడాలి. జీఐ పైపుల మీది జింక్ పూత కాలిన పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది. అతికించే చోట పూతను ముందే గ్రైండర్‌తో తీసేసి, గాలి ఆడే చోట కూర్చుని పని చేయాలి.