నక్షా గీతలకు పేర్లు

సికిందరాబాదులోని బన్సీలాల్‌పేటకు పూర్వనామము నాగన్నకుంట. 1933లో, బ్రిటిషు రెసిడెంటు సర్ టెరెన్సు కీస్ కాలమున, దానిని ఆదర్శగ్రామముగా తీర్చిదిద్దిరి. అందుకు ధనమిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరు ఆ పేటకు నిలిచినది. ఊళ్లకు పేర్లుండుట అందరెరిగినదే. ఆ ఊరిలో కట్టబోవు ఇంటి నక్షాలోని గీతలకును పేర్లుండవలె ననియు, అవి తప్పినచో ఇల్లు కాగితము దాటి రాజాలదనియు శ్రోతలలో ఎందరెరుగుదురో మాకు తెలియదు.

నక్షాను గీయువాడొకడు, చదువువాడు వేరొకడు. గీసినవాడు నీటిగొట్టమని తలచిన గీతను మేస్త్రీ మురుగుకాలువగా గ్రహించినచో ఆ యింటివారి పాట్లు చెప్పనలవి కాదు. అందుచేతనే మన దేశమున అనుమతికై పంపు నక్షాలకు రంగుల కట్టుబాటు ఏర్పడినది. స్థలపు హద్దు దట్టమైన నలుపు. ఉన్న వీధి ఆకుపచ్చ. కొత్తగా కట్టునది ఎరుపు. పడగొట్టవలసినది పసుపు చారలు. మురుగుకాలువ ఎర్రచుక్కల గీత, నీటిగొట్టము నల్లచుక్కల గీత. ఈ కట్టుబాటును కాపాడినది పెద్ద డ్రాఫ్ట్స్‌మను కన్ను. నైజాము రాజ్యమున అతనిని నక్షానవీసు అనెడివారు. ట్రేసింగు గుడ్డపై సిరాగీత ఒక వెంట్రుకవాసి లావైనను ఆ కన్ను పట్టెడిది. పట్టినచో గీసినవాడు రాత్రి దీపము ముందు మరల గీయవలసినదే.

స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే భారత ప్రమాణాల సంస్థ వెలసెను. భవనపటములకు ఐ.ఎస్. 962 అను నియమావళి ఆ సంస్థదే. 1956నాటి తూనికలు కొలతల చట్టముతో మీటరు వచ్చి, గీతకంటె స్కేలు పెద్ద చిక్కు తెచ్చిపెట్టెను. పాత నక్షాలు తరచుగా అంగుళమునకు ఎనిమిదడుగుల లెక్కన గీసినవి, అనగా తొంబదియారింట నొక వంతు. కొత్తవి నూరింట నొక వంతు. రెండును చూపునకు ఒకటే! కొత్త నక్షాపై పాత స్కేలుబద్ద పెట్టినవానికి నూరడుగుల గోడ తొంబదియారడుగులే కనబడును. తక్కిన నాలుగడుగులకు ఇటుక ఎవరు తెప్పింతురు?

1982లో అమెరికాలో ఆటోక్యాడ్ వెలువడిన పిదప సిరా, గుడ్డ క్రమముగా మూలబడినవి. రంగుల స్థానమున లేయర్లు వచ్చినవి. ఒకదానిపై నొకటి పరచిన పారదర్శకపు కాగితములవలె గోడలొక పొర, తలుపులొక పొర, కొలతలొక పొర. అయితే ప్రతివాడును తన పొరకు తనకు తోచిన పేరు పెట్టుకొనెను. ఒకడు 'వాల్' అనగా వేరొకడు 'గోడ1' అనెను. ఇద్దరి పటములు ఒకటిగా చేర్చునప్పుడు కార్యాలయము సంతగా మారెను. అమెరికా వాస్తుశిల్పుల సంఘము 1990లోను, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1998లోను పొరల పేర్లకు పద్ధతులు ప్రకటించినవి. కంపెనీలు తమ తమ నియమములను మాదిరి ఫైలులో భద్రపరచి, పటమును దానితో పోల్చి తప్పులు చూపు సాధనమును ఆటోక్యాడ్ 2002లో పొందినవి. నక్షానవీసు కన్ను యంత్రమునకు వచ్చినదని పలువురు సంతోషించిరి. మాకు ఆ సంతోషము సగమే. గోడ పొర పేరు సరిగా నున్నదో లేదో ఆ సాధనము చెప్పును గాని, గోడ పొరపై పొరపాటున తలుపు గీసినచో పలుకదు. పాత నక్షానవీసు పలికెడివాడు.

ఒక కంపెనీ గోడలలోపలి ఈ నియమము 2016లో నగరమంతటికి వ్యాపించెను. హైదరాబాదు మహానగరపాలక సంస్థ ఆ యేట అనుమతుల విధానమును కంప్యూటరుపరము చేసి, పూనా కంపెనీ తయారుచేసిన ఆటో-డీసీఆర్ అను సాఫ్ట్‌వేరుచేత పటములను పరీక్షింపజేసెను. స్థలపు హద్దు, కట్టడము, అంతస్తు, విడువవలసిన ఖాళీ - ప్రతి గీతయు నిర్ణీతమైన పేరుగల పొరపై నుండవలెను. అప్పుడే యంత్రము కొలిచి, 2012నాటి భవన నియమములతో పోల్చెడిది. పేరు తప్పిన గీత దానికి గీతయే కాదు. బన్సీలాల్‌పేటలో చిన్న ఇల్లు కట్టదలచినవానికిని, మాదాపురమున మేడలు లేపు కంపెనీకిని ఒకటే అక్షరమాల.

2020నాటి తెలంగాణ చట్టము మరియొక మలుపు. 75 గజములలోపు స్థలమున చిన్న ఇంటికి అనుమతియే వలదనెను. 600 గజములవరకు, పది మీటర్ల ఎత్తువరకు, యజమాని స్వయముగా ధ్రువీకరించినచో వెంటనే అనుమతి యిచ్చి, తరువాత 21 దినములలో తనిఖీ చేయుమనెను. మాట తప్పినచో నోటీసు లేకయే కూల్చు అధికారమును ఇచ్చెను. కంటినుండి యంత్రమునకు, యంత్రమునుండి యజమాని సంతకమునకు భారము మారినది. ఆ సంతకము చేయువారిలో ఎందరు తమ నక్షాను చదువగలరు? ఎర్రచుక్కల గీతకును నల్లచుక్కల గీతకును భేద మెరుగనివాడు తన ఇంటిని పూచీ పెట్టుచున్నాడు.

బన్సీలాల్‌పేటలోనే మరియొక సంగతి కలదు. అచ్చటి ప్రాచీనమైన మెట్లబావి దశాబ్దములపాటు చెత్తతో పూడిపోయి యుండెను. దాని పొరుగున ఎవరైన నక్షా గీసి, గీతలన్నిటికి సరియైన పేర్లు పెట్టి, బావిని మాత్రము గీయక విడిచియున్నచో ఏ యంత్రమును తప్పు పట్టియుండదు. వాస్తుశిల్పి కల్పనా రమేశ్ బృందము నగరపాలక సంస్థతో కలిసి చెత్త తీయించి, మెట్లు బయల్పరచి, రాళ్లు సరిచేయించెను. 2022 డిసెంబరు 5వ తేదీన ఆ బావి మరల ప్రజలకు తెరవబడినది.