టాయిలెట్ లేక పుట్టిన సెలవు

1928లో టోక్యో నగర బస్సుల్లో టికెట్లు కొట్టే ఆడపిల్లలు యాజమాన్యం ముందు ఒక కోరిక పెట్టారు. నెలసరి రోజుల్లో సెలవు కావాలన్నారు. పొద్దస్తమానం కుదుపుల మధ్య నిలబడి చేసే ఉద్యోగం అది. మధ్యలో దిగి గుడ్డ మార్చుకుందామంటే చోటుండదు. స్పిన్నింగు మిల్లుల్లో పనిచేసే వాళ్ల అవస్థా అంతే. ఇవాళ నెలసరి సెలవు గురించి వాదించుకునేవాళ్లు కడుపునొప్పి దగ్గర మొదలుపెడతారు గానీ, ఈ సెలవు పుట్టుకలో నొప్పికెంత వాటా ఉందో టాయిలెట్ లేకపోవడానికీ అంతే ఉంది.

సోవియట్ రష్యాలో 1920ల్లోనే కొన్ని కష్టమైన పనులు చేసే స్త్రీలకు ఇలాంటి విరామం ఇచ్చారు. అయితే అక్కడి పాలకుల ధ్యాసంతా వాళ్లు కనబోయే బిడ్డల మీదే. జపాన్‌లో అలా కాదు, అడిగింది పనిచేసే వాళ్లే. యుద్ధంలో ఓడిపోయి, అమెరికన్ల అదుపులో ఉన్న రోజుల్లో, 1947లో వచ్చిన కార్మిక ప్రమాణాల చట్టంలోకి ఈ సెలవు ఎక్కింది. ఇండోనేషియా మరుసటి ఏడాది, దక్షిణ కొరియా 1953లో అదే దారి పట్టాయి. చూడండి, అప్పటి సంపన్న దేశాలేవీ ఈ వరుసలో లేవు. యుద్ధాల్లో చితికిపోయి, ఆడవాళ్ల చేత ఫ్యాక్టరీలు నడిపించుకోక తప్పని దేశాలే ముందు ఇచ్చాయి.

ఇచ్చాక ఏమైందన్నది అసలు కథ. జపాన్ చట్టం సెలవిమ్మంది గానీ ఆ రోజు జీతం ఇవ్వాలని చెప్పలేదు. అది యజమాని ఇష్టం. 1960ల నడుమ అక్కడి ఉద్యోగినుల్లో నాలుగోవంతుకు పైగా ఈ సెలవు వాడుకునేవారు. ఈ మధ్య ప్రభుత్వ సర్వేల్లో ఆ లెక్క ఒక శాతానికి కూడా చేరడం లేదు. జపాన్ ఆడవాళ్లకు నొప్పి తగ్గిందని అనుకోవడానికి లేదు. జీతం పోతుందన్నది ఒక భయమైతే, పైఅధికారి మగవాడైన చోట నోరు తెరిచి అడగాల్సి రావడం అంతకన్నా పెద్ద ఇబ్బంది. కొరియాలో ఇంకో రకంగా జరిగింది. అక్కడ మొదట్లో జీతంతోనే ఇచ్చేవారు. 2003లో వారానికి ఐదు పనిదినాలకు మారుతూ చట్టాన్ని సవరించినప్పుడు ఆ జీతం కాస్తా ఎగిరిపోయింది. శనివారం సెలవు అందరికీ వచ్చింది, దానికి కట్టిన మూల్యంలో కొంత ఆడవాళ్ల వాటాలోంచి పోయింది.

మన దగ్గర ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు, పాతకాలంలో మూడురోజులు బయట కూర్చోబెట్టేవాళ్లు కదా, అది సెలవు కాక మరేమిటి అంటారు. నాకు ఈ వాదన ఎప్పుడూ మింగుడు పడలేదు. వంటింట్లోకి రావద్దన్నారు, గుడికి వెళ్లొద్దన్నారు. నాట్లకూ కలుపుకూ వెళ్లొద్దని కూలికి పోయే ఆడమనిషితో అన్నవాళ్లెవరు?

ఆఫీసు సెలవు సంగతికొస్తే, ఈ దేశంలో దాన్ని ముందు సాధించింది బిహార్ ప్రభుత్వోద్యోగినులు. సమ్మె చేసి మరీ అడిగితే 1992 జనవరిలో లాలూ ప్రసాద్ ప్రభుత్వం నెలకు రెండు రోజుల ప్రత్యేక సెలవిచ్చింది, జీతంతో. ఆధునిక భావాలకు మహానగరాల వైపు చూసే మనకు ఇది బిహార్‌లో మొదలైందంటే వింతే. మూడు దశాబ్దాలు దాటినా అది నడుస్తూనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా టీచర్లకు 1990ల్లో ఏటా ఐదు ప్రత్యేక క్యాజువల్ లీవులు (సీఎల్‌లు) వచ్చాయి. 2021లో ఏపీలో ఉద్యోగినులందరికీ ఐదు అదనపు సీఎల్‌లు ప్రకటించారు. అవి నెలసరి సెలవులు కావు. కానీ వాటిలో కొన్ని ఎందుకు ఖర్చవుతాయో ఏ స్టాఫ్‌రూములో అడిగినా చెబుతారు.

ప్రైవేటు కంపెనీల్లో ఈ ఒరవడి 2017లో ముంబయిలోని కల్చర్ మెషీన్‌తో జోరందుకుంది. 2020లో జొమాటో ఏడాదికి పది రోజులంది. వెంటనే గొడవ మొదలైంది. ఇలాగైతే ఆడవాళ్లకు ఉద్యోగం ఎవరిస్తారని ఆడవాళ్లే అడిగారు. సుప్రీంకోర్టు 2024 జులైలో అదే అనుమానం వ్యక్తంచేసి, విధానం తేల్చాల్సింది ప్రభుత్వమేనంది. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. మన దగ్గర ప్రసూతి సెలవు జీతాన్ని, ఈఎస్ఐ పరిధిలో లేని వాళ్లకు, యజమానే మోస్తున్నాడు. దానికి ఇదీ తోడైతే ఇంటర్వ్యూలోనే లెక్కలు వేస్తాడు. 2023లో స్పెయిన్ ఈ చిక్కును మరోలా విప్పింది. డాక్టరు చీటీ ఉంటే, ఆ రోజుల డబ్బు ప్రభుత్వ సామాజిక భద్రతా వ్యవస్థ ఇస్తుంది. నా మటుకు చర్చ జరగాల్సింది ఇక్కడే. సెలవు ఇవ్వాలా వద్దా అన్న మాట తర్వాత, ముందు దాని ఖర్చు ఉమ్మడిగా భరిస్తామా లేదా? కర్ణాటక మాత్రం 2025 అక్టోబరులో ఏడాదికి 12 రోజులు జీతంతో ఇవ్వాలని, గార్మెంట్ ఫ్యాక్టరీలతో సహా ప్రైవేటు సంస్థలకూ చెప్పింది. బెంగళూరు హోటళ్ల సంఘం హైకోర్టుకెక్కింది.

ఈ కోర్టులూ జీవోలూ హాజరుపట్టీలో పేరున్న వాళ్ల కోసం. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా నుంచి చెరకు కోతకు వలసపోయే ఆడవాళ్లకు హాజరుపట్టీ లేదు. మొగుడూ పెళ్లాం కలిపి ఒక కొడవలి కింద లెక్క. నెలసరి రోజుల్లోనైనా సరే, పని మానితే జరిమానా. 2019లో ప్రభుత్వ కమిటీ అక్కడ 82 వేల మందికి పైగా చెరకు కూలీ స్త్రీల వివరాలు సేకరిస్తే, 13 వేల మందికి పైగా గర్భసంచి తీయించుకున్నట్లు తేలింది. వాళ్లకు అడ్వాన్సు ఇచ్చేది ముకద్దం అనే కూలీల కాంట్రాక్టరు, ముకద్దానికి డబ్బిచ్చేది చక్కెర ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ కాగితాల్లో ఆ ఆడమనిషి ఎవరి ఉద్యోగీ కాదు.