గుస్సాడీ: నెమలి ఈకల కింద దేవుడు

పూర్వపు ఆదిలాబాద్ జిల్లా రాజగోండులు దీపావళి రోజుల్లో జరుపుకునే పండుగ దండారి. అందులో దేవుడి వేషం కట్టి ఆడే మగవాళ్లు గుస్సాడీలు. ఏత్మాసూర్ దేవుడి పేరిట భోగి అనే క్రతువుతో మొదలయ్యే ఈ వేడుక కొలబొడి అనే క్రతువుతో ముగుస్తుంది. ఒక గూడెం జట్టు డప్పు, తుడుం, పిప్రీ వాద్యాలతో ఇంకో గూడేనికి చుట్టాలై వెళ్తుంది. రాత్రంతా ఆట సాగుతుంది. పెళ్లి సంబంధాలు కూడా ఇక్కడే కుదురుతుంటాయి.

వేషానికి ప్రాణం తలపాగాలో ఉంది. నెమలి ఈకలను ఒత్తుగా గుచ్చి, చుట్టూ అద్దాలు, రంగు పట్టీలు కట్టి, పక్కల కొమ్ములు నిలుపుతారు. దీన్ని మల్‌బూర అంటారు. గోండీలో మల్ అంటే నెమలి. ముఖానికి పెట్టుడు గడ్డం, మీసాలు. ఒంటికి బూడిద, భుజాన జంతుచర్మం, మెడలో పూసల దండలు, నడుముకూ కాళ్లకూ గజ్జెలు, చేతిలో కర్ర. ఇంత అలంకారంలో ఇరుగుపొరుగువాళ్లు కూడా గుర్తుపట్టలేనంతగా గుస్సాడీ మారిపోతాడు. మొక్కు పట్టినవాడు పండుగ ముగిసేదాకా స్నానం చేయడు, బూడిద కడుక్కోడు. అతని కర్ర తగిలితే జబ్బు నయమవుతుందని నమ్మకం.

ఇలా వేషంలో మనిషి మరుగయ్యే ఆట ఆఫ్రికాలోనూ ఉంది. అక్కడ అంగోలా, కాంగో, జాంబియాల్లోని చోక్వే జాతివాళ్లది చెక్క ముసుగు. వాళ్ల 'ప్వో' ముసుగు పూర్వీకురాలైన స్త్రీది, తొడిగి ఆడేది మాత్రం మగవాడు. జాంబియాలో చోక్వేలూ పాల్గొనే మకీషి ముసుగు నాట్యాన్ని యునెస్కో 2005లో గుర్తించింది. గుస్సాడీకి చెక్క ముఖం లేదు. అయినా రెండుచోట్లా నమ్మకం ఒక్కటే: వేషం కట్టాక లోపలి మనిషి లెక్కలోకి రాడు.

ఈ ఆటను దేశానికి చూపినవాడు జైనూర్ మండలం మార్లవాయి వాసి కనక రాజు. ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్నప్పుడు ఢిల్లీ గణతంత్ర వేడుకల్లో తన బృందంతో ఆడాడు. ఎందరో కుర్రాళ్లకు అడుగులు నేర్పాడు. 2021లో పద్మశ్రీ అందుకున్నాడు, 2024 అక్టోబరులో కన్నుమూశాడు. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లలో మకాం పెట్టి గోండుల జీవితాన్ని రాసుకున్న ఊరూ మార్లవాయే.

హైదరాబాద్ వేదికల మీద గుస్సాడీ పది నిమిషాల ఆట. హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. వీలైతే ఒక దీపావళికి అటు వెళ్లండి. గూడెం పెద్దలను అడిగి, చెప్పులు విడిచి, ఆట దగ్గర నిలబడండి.