గరుకు కాగితం వెంట వచ్చిన నుసి

చిత్రిక పట్టిన టేకు పలక మీద నుసి దాదాపుగా మిగలదు. పదునైన అలుగు చెక్కను పలుచని పేళ్లుగా లేపుతుంది. ఆ పేళ్లు చుట్టలు చుట్టుకుని కింద రాలిపోతాయి. చేత్తో ఒకసారి తుడిస్తే పలక వార్నిషుకు సిద్ధం. పాలిష్‌కు ముందు నుసి తుడవడం ఇవాళ ఏ వడ్రంగీ తప్పించుకోలేని పని. అయినా అది వడ్రంగమంత పాత పని కాదు. చెక్కను కోసి నునుపు చేసినంత కాలం దానితో పెద్దగా పని పడలేదు. అరగదీసి నునుపు చేయడం పెరిగాకే దానికంటూ ఒక చరిత్ర మొదలైంది.

అరగదీయడం పాతరోజుల్లో లేదని కాదు. యూరప్ వడ్రంగులు సొర జాతి చేపల ఎండు చర్మంతో చెక్కను రుద్దేవారు. కాడ నిండా సిలికా ఉండే హార్స్‌టెయిల్ మొక్కతో యూరప్‌లోనూ జపాన్‌లోనూ మెరుగు పెట్టేవారు. చైనాలో 13వ శతాబ్దంలో ఆల్చిప్పల పొడినీ, ఇసకనూ తోలు కాగితం మీద బంకతో అతికించి వాడారంటారు. ఇదంతా చేతి వేగంతో, పని చివర్లో కాసేపు మాత్రమే సాగేది. లేచే నుసీ అంతంతే.

19వ శతాబ్దంలో ఆ లెక్క మారింది. 1833లో జాన్ ఓకీ లండన్‌లో గాజుపొడి కాగితం తయారీ మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఐజాక్ ఫిషర్ గరుకు కాగితం తయారీకి పేటెంటు పొందాడు. మనం దుకాణంలో ఉప్పు కాగితమనో ఎమరీ పేపరనో అడిగి తెచ్చుకునే సరుకుకు వీళ్లిద్దరూ ముందువాళ్లు. చిత్రిక పట్టడంలో ఆరితేరని చేతికి కూడా ఆ కాగితం నునుపును అందించింది. అది చిన్న మేలు కాదు. కానీ దాని పని తీరు వేరు. 220 నంబరు కాగితం మీది రేణువు సగటున 68 మైక్రాన్లు, సుమారుగా తలవెంట్రుక మందం. ప్రతి రేణువూ చెక్క మీద ఒక సన్నని గాడి గీస్తుంది. ఆ గాడిలోంచి లేచిందే నుసి. టేకులో కంటికి కనిపించేంత రంధ్రాలుంటాయి కదా, నుసి వాటిలో కూరుకుంటుంది. పైపైన గుడ్డ వేస్తే కదలదు. వార్నిషు తగిలాక మాత్రం కదిలి, పూత మీద చెమటకాయల్లా తేలుతుంది. లోపల మిగిలింది చెక్క గీతల అందాన్ని మసకబారుస్తుంది.

ఈ ఇబ్బంది ఎంత పెద్దదన్నది పూత ఆరడానికి పట్టే సమయాన్ని బట్టి ఉంటుంది. చరిత్ర పొడవునా నుసితో మనిషి పడిన పాట్లన్నిటికీ అసలు సూత్రం ఇదేనని నా నమ్మకం. లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ఉండతో రుద్దే ఫ్రెంచ్ పాలిష్ నిమిషాల్లో ఆరిపోతుంది, గాలిలో తేలే దుమ్ముకు అంటుకునే వ్యవధి ఉండదు. పైగా ఆ పనివాళ్లు నుసిని కావాలనే వాడుకున్నారు. సన్నని ప్యూమిస్ రాతిపొడి చల్లి రుద్దితే చెక్క నుసి, రాతిపొడి, లక్క ముద్దగా కలిసి రంధ్రాలను పూడుస్తాయి. మన వడ్రంగులు కీళ్లలో సందులను ఫెవికాల్ కలిపిన చెక్కపొడితో పూడ్చడం కూడా ఇలాంటి తెలివే. లక్క బొమ్మల ఏటికొప్పాకలో అయితే ఆరడమన్న మాటే లేదు. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది, మొగలి ఆకుతో ఒత్తితే మెరుస్తుంది.

అవిసె నూనెతో కాచిన వార్నిషు సంగతి వేరు. గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి జిగటగానే ఉంటుంది. జిగురు గుడ్డ పుట్టింది ఈ వార్నిషు అవసరంలోంచే. పలుచని నూలు గుడ్డను నీళ్లలో ముంచి పిండి, కాస్త టర్పెంటైన్ చల్లి, కొన్ని చుక్కల వార్నిషు వేసి, జిగట అంతటా సమంగా పట్టేదాకా పిసికేవారు. దాన్ని ఒత్తకుండా తేలిగ్గా పలక మీద నడిపించాలి. ఒత్తితే జిగట చెక్కకు అంటుతుంది. పాడుచేసే పదార్థంతోనే శుభ్రం చేసే సాధనాన్ని తయారుచేసుకున్న ఆ ఆలోచన నాకు ఎంతో ఇష్టం. అయితే ఆరే నూనె ఉన్న గుడ్డ ముద్దగా పడి ఉంటే లోలోపల వేడెక్కి తనంతట తానే అంటుకోగలదు. దాన్ని మూత బిగుసుకునే డబ్బాలో దాచమనేది అందుకే.

దుమ్ముకు జపాన్ లక్క పనివాళ్లు భయపడినంతగా ఇంకెవరూ భయపడి ఉండరు. ఉరుషి అనే వాళ్ల లక్క చెట్టు పాల నుంచి వస్తుంది. మామూలు పూతల్లా పొడి గాలిలో కాక, తేమ నిండిన అరలో గట్టిపడుతుంది. చివరి పూతకు ముందు దాన్ని సన్నని యోషినో కాగితంలో వడకడతారు. పూశాక కూడా తడి మీద వాలిన ఒక్కో నలుసునూ సన్నని పుల్ల మొనతో ఏరి తీస్తారు.

ఈ కథలో పెద్ద మలుపు కార్లకు రంగు వేసే షెడ్లలో వచ్చింది. రంగు పూతలను పొడిగా అరగదీస్తుంటే లేచే దుమ్ము అక్కడి పనివాళ్లను ఉక్కిరిబిక్కిరి చేసేది. ఫిలడెల్ఫియాలో ఫ్రాన్సిస్ ఓకీ నీళ్లకు చెక్కుచెదరని గరుకు కాగితాన్ని రూపొందించాడు. 3ఎం కంపెనీ ఆ హక్కులు కొని, 1921లో దాన్ని బజారులోకి తెచ్చింది. తడిపి రుద్దితే దుమ్ము గాలిలోకి లేవకుండా నీళ్లతో పాటు జారిపోతుంది. ఇది రంగు పూతకు చక్కగా కుదిరింది. పూత లేని వట్టి చెక్కకు కుదరలేదు. నీళ్లు తగిలితే చెక్క పోగులు లేచి మళ్లీ గరుకవుతుంది. అందువల్ల చెక్క దగ్గర పొడి నుసి అలాగే ఉండిపోయింది. కరెంటు సాండర్లు వచ్చాక అది ఇంకా పెరిగింది, ఇంకా సన్నబడింది.

నీళ్ల ఆధారిత పూతలు వచ్చాక జిగురు గుడ్డకూ కష్టకాలం వచ్చింది. దాని జిగట చెక్క మీద మిగిలితే ఆ పూత సరిగా పట్టకపోవచ్చు. ఇప్పుడు చాలామంది ముందు వాక్యూమ్‌తో లాగి, ఆపైన కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడుస్తున్నారు. గాలి గొట్టంతో ఊదడం సులువే, కానీ ఊదిన నుసి గదంతా తిరిగి అదే పలక మీద వాలుతుంది, మిగతాది మనిషి ముక్కులోకి పోతుంది.

ఆ ముక్కు సంగతి ప్రపంచం చాలా ఆలస్యంగా పట్టించుకుంది. ఇంగ్లండులోని హై వికమ్ కుర్చీల తయారీకి పేరుపడ్డ ఊరు. అక్కడి చెవి, ముక్కు, గొంతు వైద్యురాలు ఎస్మే హాడ్‌ఫీల్డ్ దగ్గరికి ముక్కు లోపలి గదుల్లో అరుదైన క్యాన్సరుతో వచ్చేవాళ్లలో కుర్చీలు, బల్లలు చేసేవాళ్లే ఎక్కువగా కనిపించారు. డొనాల్డ్ ఆచిసన్ తదితరులతో కలిసి ఆమె చేసిన పరిశీలన 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వేలు చూపించింది పాలిష్‌ల వైపు కాదు, నుసి వైపు. 1969లో బ్రిటన్ ఆ క్యాన్సరును పరిహారం దక్కే వృత్తి వ్యాధిగా గుర్తించింది. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క నుసిని మనుషుల్లో క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

పలక కోసం జిగురు గుడ్డ కనిపెట్టిన చేతిపనివాళ్లు తమ ఊపిరి కోసం ఏమీ కనిపెట్టుకోలేకపోయారు. వాళ్లను ఎవరూ అడగలేదు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇవాళ సాండర్ బిళ్లకు ఉండే రంధ్రాల గుండా నుసి పుట్టిన చోటే వాక్యూమ్ గొట్టంలోకి వెళ్లిపోతుంది. తుడవాల్సింది తగ్గుతుంది, పీల్చాల్సిందీ తగ్గుతుంది. మన ఊళ్లలో కొత్త ఇంటి గుమ్మాలకు సాండర్ పడుతున్న కుర్రవాడి మిషనుకు మాత్రం తరచుగా ఆ గొట్టం కనిపించదు. ముక్కుకు తువ్వాలు ఉంటుంది. తువ్వాలు నేత సందుల్లోంచి సన్నని నుసి సులువుగా దూరిపోతుంది. పని ఇచ్చే ఇంటివాళ్లు టేకు ధరతో పాటు ఆ గొట్టానికీ, ఒక మంచి మాస్కుకూ అయ్యే ఖర్చును లెక్కలో వేసుకోవాలి.