చూశామన్న మాటకు ఆస్ట్రేలియా ఇచ్చిన విలువ

ఆర్మూరు నుంచో బాల్కొండ నుంచో చదువుకోవడానికి ఆస్ట్రేలియా వచ్చిన పిల్లలకు మొదటి నెలల్లోనే ఎవరో ఒకరు డ్రాప్ బేర్ గురించి చెబుతారు. చూడటానికి కోలాలాగే ఉంటుందట, కానీ పచ్చి మాంసాహారి. యూకలిప్టస్ కొమ్మ మీద మాటు వేసి కింద నడిచేవాళ్ల నెత్తిన దూకుతుందట. చెవుల వెనక వెజిమైట్ అనే రొట్టెకు పూసుకునే ఉప్పటి పేస్టు రాసుకుంటే దగ్గరికి రాదట. చెప్పేవాళ్ల మొహంలో నవ్వు జాడ కూడా ఉండదు. సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియం తన వెబ్‌సైట్‌లో ఈ జంతువుకు శాస్త్రీయ నామంతో సహా ఒక పేజీ కేటాయించింది. 2012లో ఒక భూగోళశాస్త్ర పత్రిక దీన్ని ఉపగ్రహాల సాయంతో ఎలా వెతకాలో చెప్పే వ్యాసం వేసింది. అసలు సంగతేమిటంటే, డ్రాప్ బేర్ అనే జంతువే లేదు. కొత్తగా వచ్చినవాళ్లను ఆటపట్టించడానికి పుట్టిన కథ అది.

మ్యూజియమే ఇంత ధైర్యంగా హాస్యమాడుతోందంటే దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. ఇక్కడ నమ్మశక్యం కాని జంతువులు నిజంగా ఉన్నాయి. నమ్మదగ్గట్టు వినిపించిన జంతువులు కొన్ని లేవని తేలాయి. ఫలానా చోట ఫలానాది చూశామని ఎవరైనా వచ్చి చెబితే ఆ మాటను ఎలా పట్టించుకోవాలో ఈ దేశం రెండు శతాబ్దాలుగా నేర్చుకుంటూ వచ్చింది. మొదట్లో నేర్చుకున్న తీరు మాత్రం ఏమంత బాగాలేదు.

1797లో సిడ్నీకి వాయవ్యాన, హాక్స్‌బరీ నది దగ్గరి మడుగులో ఒక ఆదివాసి ఈటెతో వింత జంతువును పొడవడం గవర్నర్ జాన్ హంటర్ చూశాడు. మరుసటి ఏడు ఒక తోలును ఇంగ్లండ్‌కు పంపాడు. ముక్కు బాతుది, బొచ్చు నీటికుక్కది, వేళ్ల మధ్య తోలుపొర. 1799లో దాన్ని మొదట వర్ణించిన బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త జార్జ్ షాకు ఇదేదో మోసమనే తోచింది. ఆ అనుమానం అకారణం కాదు. తూర్పు సముద్రాల నుంచి వచ్చే ఓడల్లో కోతి మొండేనికి చేప తోక కుట్టిన ‘మత్స్యకన్యలు’ అమ్మకానికి వచ్చేవి. పసుపు కొనే వ్యాపారి కొమ్మును విరిచి లోపలి రంగు చూసినట్టే షా కూడా ముక్కు అతికిన చోట కుట్లేమైనా ఉన్నాయా అని నిశితంగా పరీక్షించాడు. ఏమీ దొరకలేదు. అప్పుడు గానీ దానికి పేరు పెట్టలేదు. ఆ పేరు పెట్టేటప్పుడు కూడా తన సందేహాన్ని దాచుకోకుండా అచ్చులోనే రాశాడు. అదే ఈ రోజు మనం ప్లాటిపస్ అంటున్న జంతువు.

షా తనకొచ్చిన సందేహాన్ని తోలు మీదే తీర్చుకున్నాడు. ఆయన తర్వాతివాళ్లు ఆ పని చేయలేదు. ప్లాటిపస్ పాలిస్తుందా, గుడ్లు పెడుతుందా అన్న గొడవ యూరప్‌లో దశాబ్దాల పాటు నడిచింది. గుడ్లు పెడుతుందని ఫ్రాన్స్‌లో జఫ్వా సాంటిలేర్ అనే జంతుశాస్త్రవేత్త వాదించాడు. లండన్‌లో రిచర్డ్ ఓవెన్ అనే శరీరశాస్త్రవేత్త ససేమిరా ఒప్పుకోలేదు. ఓవెన్ ఆస్ట్రేలియాలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఓడల్లో వచ్చిన కళేబరాలను కోసి చూస్తూ తీర్పులిచ్చేవాడు.

జవాబు మాత్రం అప్పటికే అచ్చయి ఉంది. బూరా బూరా తెగ పెద్ద కూకూగాంగ్ ఈ జంతువు కోడిగుడ్డంత గుడ్లు రెండు పెడుతుందని, ఇది తమవాళ్లందరికీ తెలిసిన సంగతేనని ప్యాట్రిక్ హిల్ అనే నౌకాదళ వైద్యుడికి చెప్పాడు. హిల్ దాన్ని రాసి పంపాడు. 1822లో లండన్ లిన్నేయన్ సొసైటీ దాన్ని ప్రచురించింది. సాక్షి పేరుంది, తెగ పేరుంది, గుడ్ల లెక్కా సైజూ ఉన్నాయి. గుడ్డు పరిమాణం విషయంలో కూకూగాంగ్ మాట కొంచెం ఎక్కువే, ప్లాటిపస్ గుడ్డు చాలా చిన్నది. కానీ అసలు విషయం ముమ్మాటికీ నిజం. దాన్ని పట్టించుకున్నవాడు లేడు. 1884లో విలియం కాల్డ్‌వెల్ అనే యువ శాస్త్రవేత్త క్వీన్స్‌లాండ్‌లోని బర్నెట్ నది దగ్గర గుడ్డు దొరకబుచ్చుకుని మాంట్రియల్‌లో జరుగుతున్న శాస్త్రవేత్తల సభకు నాలుగు ముక్కల టెలిగ్రాం కొట్టేదాకా గొడవ తీరలేదు. మధ్యలో 62 ఏళ్లు గడిచాయి. కాల్డ్‌వెల్‌కు ఆ జంతువులను వెతికి పట్టి తెచ్చిందీ ఆదివాసులే. ఆ ఒక్క పరిశోధన కోసం చంపిన ప్లాటిపస్‌లు, వాటిలాగే గుడ్లు పెట్టే ఎకిడ్నాలు వందల్లో ఉంటాయి. సాక్షిని నమ్మని చోట రుజువు ఖరీదు అలా పెరిగిపోతుంది.

కాల్డ్‌వెల్‌కు చాలా ముందే, 1847లో, దీనికి పూర్తిగా తలకిందులైన ముచ్చట ఒకటి జరిగింది.

నదుల్లో, మడుగుల్లో బనియిప్ అనే భయంకర జీవి ఉంటుందని ఆగ్నేయ ఆస్ట్రేలియా ఆదివాసులు చెప్పేవారు. మరంబిడ్జీ నది ఒడ్డున దొరికిన ఒక వింత పుర్రెను బనియిప్ పుర్రెగా భావించి సిడ్నీలో ప్రదర్శనకు పెట్టారు. పెట్టింది మరెవరో కాదు, ఇప్పుడు డ్రాప్ బేర్ పేజీ నడిపే ఆ మ్యూజియమే. ప్రదర్శన రెండు రోజులే. జనం ఎగబడ్డారు. ఆ వెంటనే ఊరూరా బనియిప్‌ను చూశామన్నవాళ్లు, రాత్రిపూట దాని అరుపు విన్నామన్నవాళ్లు బయల్దేరారని అప్పటి పత్రికలు రాశాయి. విలియం మెక్‌లే అనే ప్రకృతి శాస్త్రవేత్త ఆ పుర్రెను పరిశీలించి, వికృతంగా పుట్టిన గుర్రప్పిల్లదని తేల్చాడు. లండన్‌లో బొమ్మ చూసిన ఓవెన్ దూడదన్నాడు. గుర్రమో దూడో గానీ రెండూ తెల్లవాళ్లు ఓడల్లో తెచ్చిన జంతువులే. ప్లాటిపస్ విషయంలో అంత మొండిగా తప్పిన ఓవెన్‌కు ఇక్కడ పొరపాటు పడే అవసరమే రాలేదు.

అంతమాత్రాన బనియిప్ కథ ఉత్త భ్రమ అని కొట్టేయలేం. సముద్రపు సీళ్లు అప్పుడప్పుడు నదుల్లోకి ఎదురీది లోతట్టుకు వస్తుంటాయి. నీళ్లలోంచి కుక్కలాంటి తల పైకి లేస్తే చూసినవాడు ఏమనుకుంటాడు? ఖడ్గమృగమంత ఉండే డైప్రోటోడాన్ అనే సంచిజంతువు మనుషులు ఈ ఖండానికి వచ్చాక కూడా చాలాకాలం ఇక్కడ బతికింది. దానికి ఆ పేరు పెట్టింది 1838లో ఓవెనే. దాని ఎముకలు చూసిన ఆదివాసులు అవి బనియిప్‌వేనని చెప్పిన సందర్భాలున్నాయి. తరతరాల జ్ఞాపకమే ఆ కథగా మారిందని కొందరు అంటారు. అది ఊహే, నిరూపణ లేదు. ఊహను ఊహగా చెప్పినంత కాలం పేచీ లేదు.

పుర్రె చూశాక అరుపులు వినబడటం మాత్రం ఏ ఊరికైనా కొత్త కాదు. 2017లో విశాఖపట్నంలో కడుతున్న ఒక భవనంలో దొరికిన మూడు జీవుల వీడియో గ్రహాంతరవాసులంటూ దేశమంతా తిరిగింది. తెల్లటి మొహాలు, పెద్ద కళ్లు, మనుషుల్లా నిలబడ్డ తీరు చూసి జనం హడలిపోయారు. తీరా చూస్తే అవి ఇంకా ఈకలు సరిగ్గా రాని గుడ్లగూబ పిల్లలు. ఆర్మూరు చుట్టుపక్కల గుట్టల్లో చిరుత తిరుగుతోందని ఫోన్లలో ఒక ఫోటో చక్కర్లు కొడితే ఆ రాత్రి ప్రతి కుక్కా చిరుతలాగే కనబడుతుంది. అందులో ఒక్కటి నిజంగా చిరుత అయ్యే అవకాశం కూడా ఉంది. చిక్కంతా అక్కడే.

ఈ చిక్కును ఎక్కువగా అనుభవించింది టాస్మేనియా ద్వీపం. నడుము నుంచి తోక దాకా చారలుండే, కుక్కను పోలిన సంచిజంతువు థైలసిన్ అక్కడ ఉండేది. టాస్మేనియన్ టైగర్ అనేది దాని వాడుక పేరు. గొర్రెలను తింటోందని 1830లో వాన్ డీమెన్స్ లాండ్ కంపెనీ దాని తలకు వెల కట్టింది. అదే ఏడాది ద్వీపపు గవర్నర్ ఆదివాసిని పట్టి తెస్తే పెద్దవాళ్లకు 5 పౌండ్లు, పిల్లలకు 2 పౌండ్లు ఇస్తానని ప్రకటించాడు. ఒకే ఏట వెలువడ్డ ఈ రెండు ప్రకటనలను పక్కపక్కన పెట్టి చదివితే ఆ కాలం గురించి ఎక్కువ వివరించనక్కర్లేదు. తర్వాత ప్రభుత్వమే రంగంలోకి దిగి, 1888 నుంచి 1909 వరకు 2,184 థైలసిన్‌లకు బహుమతి చెల్లించింది. 1936 జులై 10న వాటిని రక్షిత జంతువులుగా ప్రకటించింది. అదే సంవత్సరం సెప్టెంబరు 7న హోబార్ట్ జూలో చివరిది చచ్చిపోయింది. రక్షణ చట్టం వచ్చాక అది బతికింది 59 రోజులు.

ఆ తర్వాత కనబడింది, కనబడింది అని మొదలైంది.

1982 మార్చిలో ద్వీపం వాయవ్య మూలన హాన్స్ నార్డింగ్ అనే అటవీ ఉద్యోగి కారులో నిద్రపోయి రాత్రి 2 గంటలకు లేచాడు. బయట వాన. అలవాటుగా స్పాట్‌లైట్ తిప్పితే ఆరేడు మీటర్ల దూరంలో థైలసిన్ నిలబడి ఉంది. కెమెరా సంచీ చేతికి అందే చోట లేదు. కదిలితే బెదురుతుందని కూర్చున్నచోటే ఉండి చారలు లెక్కపెట్టాడు. 12 ఉన్నాయి. ఆయన పక్షుల సర్వేకు వెళ్లిన అనుభవజ్ఞుడు, కట్టుకథ చెప్పాల్సిన పని లేదు. అప్పుడు ప్రభుత్వం నడుచుకున్న తీరు మెచ్చదగ్గది. పేపర్లకు ఎక్కించలేదు, ఎగతాళీ చేయలేదు. నిక్ మూనీ అనే జీవశాస్త్రవేత్తను గాలింపుకు పంపింది. ఏడాదికి పైగా 250 చదరపు కిలోమీటర్లు వెతికారు. అడుగుజాడ గానీ, పెంటిక గానీ, వెంట్రుక గానీ దొరకలేదు. ఆ తర్వాతే, 1984లో, విషయం బయటపెట్టారు. నార్డింగ్ అబద్ధమాడాడని ఎవరూ అనలేదు, థైలసిన్ ఉందనీ అనలేదు. రెండు మాటలూ పక్కపక్కన ఉండనిచ్చారు. ఈ ఓపిక ఒక్కటీ 1822లో ఉండి ఉంటే ఎంత బాగుండేదో!

మూనీ ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇలాంటి కబుర్లన్నీ వింటూనే వచ్చాడు. 2021లో థైలసిన్ కుటుంబమంటూ కొన్ని ఫోటోలు వస్తే, అవి ప్యాడెమెలన్ అనే చిన్న కంగారూలు అయ్యే అవకాశమే ఎక్కువని ఆయనే చెప్పాడు. 2023లో బ్యారీ బ్రూక్ అనే శాస్త్రవేత్త బృందం 1910 తర్వాత వచ్చిన 1,237 కథనాలను పోగేసి, ఎవరు చూశారు, ఎంత నమ్మదగ్గది అని ఒక్కొక్కటీ తూచి లెక్కగట్టింది. అడవిలో థైలసిన్‌లు 1936తోనే ఆగిపోలేదని, మారుమూలల్లో ఇంకొన్ని దశాబ్దాలు మిగిలి ఉండవచ్చని వాళ్ల అంచనా. బలహీనమైన సాక్ష్యాలు ఎన్ని కలిపినా బలమైన సాక్ష్యం అవుతుందా అని మరికొందరి అభ్యంతరం. ఆ అభ్యంతరంలో పస ఉంది.

లేదనుకున్న జీవి నిజంగా బయటపడ్డ కథ కావాలంటే కడప జిల్లాకు రావాలి. జెర్డాన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 19వ శతాబ్దంలో లోకానికి పరిచయం చేసిన కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. పెద్దపెద్ద పక్షి శాస్త్రవేత్తలు వెతికి వదిలేశారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ బొమ్మ పట్టుకుని ఊళ్లలో పిట్టలు పట్టేవాళ్లను అడిగాడు. వాళ్లు దాన్ని పేరుతో సహా చెప్పారు. ఎప్పుడు తిరుగుతుందంటే రాత్రిపూట అన్నారు. అంతకుముందు వెతికినవాళ్లకు అది దొరక్కపోవడానికి కారణం అదే కావచ్చు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే అతను టార్చి వెలుగులో ఒక పిట్టను పట్టాడు. తొంభయ్యో పడికి దగ్గరైన పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హుటాహుటిన బయల్దేరి వచ్చాడు. ఆ పిట్ట మాత్రం బతకలేదు. అందుకే తర్వాతి పరిశోధకులు పట్టడం మానేసి, పొదల మధ్య ఇసుకపట్టీలు పరిచి పొద్దున్నే అడుగుల గుర్తులు చూశారు, కూత రికార్డు చేశారు, కెమెరాలు బిగించారు.

కలివికోడికి ఆస్ట్రేలియాలో ఒక జోడీ ఉంది. దాని పేరు నైట్ పారట్. రాత్రిపూట నేల మీద తిరిగే ఈ ఆకుపచ్చ చిలుకకు 1912 తర్వాత దశాబ్దాల పాటు నమూనా దొరకలేదు. 1990లో క్వీన్స్‌లాండ్‌లో రోడ్డు పక్కన చచ్చిన చిలుక ఒకటి కనబడింది. 2013లో జాన్ యంగ్ అనే ప్రకృతి పరిశోధకుడు బతికున్న దాన్ని ఫోటో, వీడియో తీశాడు. ఆ చోటు ఇప్పుడు పుల్లెన్ పుల్లెన్ అనే రక్షిత ప్రాంతం. అదెక్కడుందో బయటికి చెప్పరు, అనుమతి లేకుండా అడుగుపెట్టనివ్వరు. ఆ తర్వాత వేరే చోట్ల కూడా ఈ చిలుక ఉందంటూ వచ్చిన నివేదికల మీద అనుమానాలు రేగాయి. వాటిని ప్రచురించిన సంస్థ బయటి నిపుణులకు అప్పగించి, వాళ్లు నిలబడవన్నవాటిని 2019లో వెనక్కి తీసుకుంది. తను వేసిన వార్తను తనే రద్దు చేసుకోవడం ఏ సంస్థకైనా చేదే. అయినా చేసింది.

ఇప్పుడు ఈ వెతుకులాట ఎక్కువగా ఆదివాసీ రేంజర్ల చేతుల్లో ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రేట్ శాండీ ఎడారిలో ఎన్‌గురుర్‌పా రేంజర్లు శాస్త్రవేత్తలతో కలిసి స్పినిఫెక్స్ గడ్డి మధ్య ధ్వని యంత్రాలు పెట్టి కొన్నేళ్ల పాటు రాత్రుల చప్పుళ్లు నమోదు చేశారు. 2024లో ఫలితాలు ప్రచురించారు. ఆ ఒక్క ప్రాంతంలోనే 50 దాకా నైట్ పారట్‌లు ఉండవచ్చని తేలింది. వాళ్లు పెట్టిన కెమెరాల్లో డింగోలు అనే అడవికుక్కలు తరచూ కనిపించాయి. వాటి పెంటికలు విప్పి చూస్తే పిల్లి వెంట్రుకలు దొరికాయి. చిలుకలను తినే అడవిపిల్లులను డింగోలు తింటున్నాయి కాబట్టి, అక్కడ డింగోలకు విషం పెట్టే ఆలోచన చేయొద్దని ఆ బృందం సూచించింది.